నాడె వెడల్పు పట్టాలు

అటువైపు రెండు చక్రాలు పట్టా లోపల కూర్చున్నాయి, ఇటువైపు రెండూ మాత్రం ఎంత సర్దినా ఇనుప అంచు మీదికెక్కి ఇంజనంతా ఒక పక్కకు ఒరిగిపోతోంది. పంజాగుట్టలో మా షాపు రెండో అంతస్తు, బొమ్మల సెక్షన్ మధ్యలో, యూనిఫాం చున్నీ నడుముకు ముడేసుకుని మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఎదురుగా, కస్టమర్లు చెప్పులు వేసి చూసుకునే స్టూలును కింది అంతస్తు నుంచి తెచ్చి వేస్తే దాని మీద కూర్చుని, ఒక పెద్దాయన నా చేతుల వంకే చూస్తున్నాడు. ఆ ఇంజను ఆయనదే. జేబురుమాల్లో చుట్టి తెచ్చుకున్నాడు. మా దగ్గర అమ్మే బయటి దేశం పట్టాల మీద అది నడుస్తుందేమో చూడమన్నాడు. నడవడం సంగతి తర్వాత, నిలబడడమే లేదు.

ఎందుకిలా అవుతోందని ఇంజనును తిప్పి పొట్ట చూశాను. స్క్రూ పక్కన ఆవగింజంత పసుపు చుక్క ఉంది. ఆ చుక్క పెట్టింది నేనే.

ఇలాంటప్పుడు గుండె ఝల్లుమంటుందని, కళ్ళు తిరుగుతాయని అంటారు కదా. నాకేమీ కాలేదు. కాలు తిమ్మిరెక్కినప్పుడు గిల్లుకుంటే అది మన కాలేనా అనిపిస్తుంది చూడండి, అట్లా ఉంది. ఇది మా ఇంజను అని తెలిసింది, దీనికి ఆకుపచ్చ రంగు వేసి మీద పసుపు గీత గీసింది నేనే అని తెలిసింది, అంతే. బిల్లింగ్ కౌంటర్లో నా తోటి అమ్మాయి ఎవరికో సంచి పది రూపాయలు అని చెబుతోంది, అది కూడా వినబడుతూనే ఉంది.

పెద్దాయన సికింద్రాబాద్‌లో ఉండి రైలింజన్లు నడిపి రిటైరయ్యాడట. డ్యూటీ చివరి రోజు తోటివాళ్ళంతా కలిసి ఆయన నడిపిన బండిలాంటి బండినే చేయించి, అదే నంబరు రాయించి చేతిలో పెట్టారట. దాంతోపాటు ఇచ్చిన గుండ్రటి పట్టాలు మొన్న ఇల్లు మారినప్పుడు పాత ఇనుములో కలిసిపోయాయట. ఈ బండికి ఈ పట్టాలు సరిపోవు తాతా అని నేను చెబితే ఆయన షాపంతా ఒకసారి కలియజూశాడు.

"గింత పెద్ద షాపు పెట్టుకున్నరు, నా బండికి పట్టాల్లేవా?"

తోటి అమ్మాయిలు నవ్వారు. నేను కూడా నవ్వాననుకుంటా. చక్రాలు జర లోపలికి నొక్కితే నడుస్తుందని చెప్పాను. నడిపిస్తే చాలు అన్నాడాయన. రేపు మధ్యాహ్నం రమ్మంటే సరేనని లేచి, మళ్ళీ ఆగి, మా బిల్లు పుస్తకంలోంచి ఒక కాగితం అడిగి తీసుకుని, దాని మీద ఇంజను నంబరు రాసి నా ముందు పెట్టాడు.

"సంతకం పెట్టు బిడ్డా. డ్యూటీ దిగేటప్పుడు బండి ఎవరికన్న అప్పజెప్పిన్నంటే సంతకం లేకుంట ఇంటికి పోయెటోన్ని కాదు."

సంతకం పెట్టాను. బండి నాకు అప్పజెప్పి ఆయన లిఫ్టు వద్దని మెట్లు దిగి పోయాడు.

మీలో అమీర్‌పేట్ దిక్కు తిరిగిన వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. మెట్రో స్తంభాలు ఇంకా లేని రోజుల్లో, కోచింగ్ సెంటర్ల ముందు ఎవరు నడిచినా చేతిలో రెండు మూడు కాగితాలు కుక్కేవారు, ఈ కోర్సు, ఆ కోర్సు, డెమో క్లాసు ఫ్రీ అని. మనమేమో రెండడుగులు వేసి ఆ కాగితాలు పారేసేవాళ్ళం. అలా పారేసిన వాటిలో నీటుగా ఉన్నవి ఏరుకుని నేను పనికి తీసుకుపోయేదాన్ని. ఒకవైపు తెల్లగా ఉండేవి కాబట్టి రంగులు కలుపుకోవడానికి, రంగు ఆరిన బొమ్మ రైలు డబ్బాలను చుట్టిపెట్టడానికి మస్తుగా పనికొచ్చేవి. నేను చదివింది పదో తరగతి, ఇంటర్లో ఒక సబ్జెక్టు పోయింది. ఆ కోర్సులేవీ నేను చెయ్యలేదు గానీ వాటి పేర్లన్నీ నా చేతుల్లోంచే పోయాయి.

ఆ కోచింగ్ సెంటర్ల వెనక సందులో, హాస్టళ్ళ మధ్య నలిగిన ఒక రేకుల షెడ్డు మా పెద్దబాపుది. మా బాపుకు సొంత అన్న. మాది సిరిసిల్ల దిక్కు, నేత ఇంటివాళ్ళం. మగ్గాలు కూడు పెట్టని కాలంలో మా బాపు కుట్టుమిషను పట్టుకుని బోరబండకొచ్చాడు, పెద్దబాపు అంతకన్నా ముందే వచ్చి లేత్ పని నేర్చుకున్నాడు. పాడైన రేడియోలు, టేపు రికార్డర్లు బాగు చేస్తుంటే, ఎవరో పెద్ద ఆఫీసరు బయటి దేశం నుంచి తెచ్చుకున్న బొమ్మ రైలు ఆగిపోయిందని తెచ్చి ఇచ్చాడట. పెద్దబాపు దాన్ని విప్పి, బాగు చేసి, తిరిగి ఇచ్చేశాక కూడా మనసులో అది తిరుగుతూనే ఉందట. అట్లాంటిదే ఒకటి తనే చేద్దామని కూర్చున్నాడు. మోటారు టేపు రికార్డర్‌ది, రేకు నూనె డబ్బాది. అన్నీ కుదిరాయి గానీ చక్రాల మధ్య ఎంత దూరం ఉంచాలో కొలిచి పెట్టుకోలేదట. ఆ ఆఫీసరు అప్పటికే ట్రాన్స్‌ఫరై వెళ్ళిపోయాడు.

అప్పుడు పెద్దబాపు ఏం చేశాడంటే, ఇంట్లో తాత గుర్తుగా ఉంచుకున్న నాడెను తీశాడు. మగ్గం మీద దారాన్ని అటూ ఇటూ మోసుకుపోయే చెక్క పనిముట్టు, రెండు కొసలకూ ఇనుప ముక్కులుంటాయి, దాన్ని నాడె అంటారు. ఆయన చెయ్యి పుట్టినప్పటి నుంచి ఎరిగిన వెడల్పు అదొక్కటే. ఆ వెడల్పునే చక్రాల మధ్య పెట్టాడు, దానికి తగ్గట్టే పట్టాలు వంచాడు, బండి నడిచింది. ఇంక అప్పటి నుంచి ఆ షెడ్డులో చేసిన ప్రతి ఇంజనూ, ప్రతి డబ్బా నాడె వెడల్పే. ఆ నాడె లేత్ పక్కన మేకుకు వేలాడుతూ ఉండేది. చక్రాలు బిగించగానే దాన్ని మధ్యలో దూర్చి చూసేవాడు, దూరితే పాస్, ఇరుకైతే మళ్ళీ విప్పుడే. దసరాకు లేత్‌కు బొట్టు పెట్టేటప్పుడు దానికీ పెట్టేవాడు. స్కేలు అబద్ధం చెబుతుందేమో గానీ నాడె చెప్పదనేవాడు.

బయటి దేశం రైళ్ళకు ఒక లెక్క ఉందని, అందరూ దాన్నే పాటిస్తారని, మనది దానికన్నా ఒక బియ్యపు గింజ మందం ఎక్కువని తర్వాత తెలిసింది. తెలిసినా ఆయన ఫికర్ పడలేదు. పైగా అదే మంచిదన్నాడు. మన దగ్గర ఇంజను కొన్నవాడు పట్టాలకూ మన దగ్గరికే రావాలి, పట్టాలు కొన్నవాడు డబ్బాలకూ మన దగ్గరికే రావాలి. మన బండి ఎక్కినోడు మన స్టేషన్లనే దిగాలె అని ఆయన నవ్వుతుంటే, పెద్దమ్మ రేకు కత్తిరిస్తూ, దిగినోడు జర పైసలు ఇచ్చిపోతే బాగుండు అనేది.

నేను పనికి చేరేనాటికి షెడ్డులో నలుగురం. పెద్దబాపు లేత్ దగ్గర, పెద్దమ్మ కిటికీలు కత్తిరించే దగ్గర, వాళ్ళ కొడుకు, నాకు అన్న వరస, మోటార్ల దగ్గర, నేను రంగుల దగ్గర. నాకు మొదటి ఆరు నెలలు బండి ముట్టనివ్వలేదు, రేకు ముక్కల మీద గీతలు గీయించారు. కుంచెలో మూడు వెంట్రుకలు ఉంచి మిగతావి కత్తిరించి, ఊపిరి బిగబట్టి, ఒక్క లాగుడులో డబ్బా ఈ చివర నుంచి ఆ చివరకు గీత పోవాలి. మధ్యలో ఆగితే ముడి పడినట్టు కనబడుతుంది. మా నాయనమ్మ చీర నేసి ముగించేటప్పుడు అంచు మూలలో వేరే రంగు పోగు ఒకటి వదిలేదట, ఎక్కడ ఎవరు కట్టుకుని కనబడినా అది తన చేతిదని తెలియడానికి. ఆ మాట చెప్పి పెద్దబాపు నన్ను కూడా ఒక గుర్తు పెట్టుకోమన్నాడు. అట్లా ఆ పసుపు చుక్క.

ఆ రెండు మూడేళ్ళు షెడ్డు నడిచినట్టు ఇంకెప్పుడూ నడవలేదు. రైల్వే వాళ్ళు రిటైరయ్యే సాయంత్రాలకు మా బండ్లే. సంవత్సరంలో ఏ నెలలో చూసినా నలుగురైదుగురి ఇంజను నంబర్లు గోడ మీద చాక్‌పీసుతో రాసి ఉండేవి. స్కూళ్ళ వాళ్ళు సైన్సు గదులకు తీసుకుపోయేవారు. ఇక వినాయక చవితి ముందు నెలంతా ఊపిరాడేది కాదు. మంటపాల వాళ్ళకు గణపతి చుట్టూ తిరిగే రైలు కావాలి. దాని డబ్బాల్లో ప్రసాదం పెట్టాలి, అది సరిగ్గా విగ్రహం పాదాల దగ్గర ఆగాలి, మళ్ళీ కదలాలి. బోరబండలో మా గల్లీ మంటపంలో మొదటిసారి రైలు పెట్టిన రోజు, అది పాదాల దగ్గర ఆగగానే జనం చప్పట్లు కొట్టారు. ఆ గీతలు గీసింది మా బిడ్డనే అని మా అమ్మ పక్కనున్న వాళ్ళందరికీ చెప్పుకుంటూ ప్రసాదం తీసుకోవడం మరిచిపోయింది. ఇప్పటికీ అమ్మ ఆ మాట ఎత్తుతుంది. నేను ఊ అంటాను.

తగ్గడం ఒక్కసారిగా మొదలవలేదు, అందుకే మాకు తెలియలేదు. మొదట ప్లాస్టిక్ రైళ్ళు వచ్చాయి, మెరిసే డబ్బాల్లో. ఒక్క వానాకాలం నిలవదన్నాడు పెద్దబాపు. నిజంగానే నిలవలేదు, కానీ పోతే ఇంకోటి కొనుక్కున్నారు. తర్వాత రోడ్డు తవ్వకాలు మొదలై మా సందు మొదట్లో రేకులు నిలబెట్టారు, వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు సందు దొరక్క ఫోన్ చేసి, దుమ్ములో నిలబడి, సరేలే ఇంకోసారి వస్తామని వెనుదిరిగేవారు. మంటపాల వాళ్ళు రైలు పాతదైపోయిందని లైట్లకు పోయారు. రిటైరయ్యే వాళ్ళకు ఫోన్లు, శాలువాలు ఇస్తున్నారట. మిగిలింది, సరదాకు రైళ్ళు కొనుక్కుని ఇంట్లో గదినిండా పరుచుకునేవాళ్ళు. వాళ్ళు మా షెడ్డుకు వచ్చి ఇంజను ఎత్తి చూసి, అబ్బ ఎంత బరువుంది, ఎంత బాగుంది అని మెచ్చుకుని, చివర్లో ఒక్కటే అడిగేవారు, మా ఇంట్లో ఉన్న పట్టాల మీద నడుస్తుందా అని. నడవదు.

అన్న అప్పటికే కొలత మార్చుదామని పోరుతున్నాడు. వాడు పక్క సందులోనే ఒక కంప్యూటర్ కోర్సు సగం చేశాడు, అందుకని మాటకు ముందు ప్రపంచం అనేవాడు. బయటి దేశం పట్టా ముక్క ఒకటి కొనుక్కొచ్చి బెంచీ మీద పడేశాడు. పెద్దబాపు దాని మీద టీ గ్లాసు పెట్టుకునేవాడు. పైన మెట్రో మొదటిసారి నడిచిన రోజు మేమంతా పక్క హాస్టలు డాబా ఎక్కి చూశాం. అందరూ ఫోన్లెత్తి ఫోటోలు తీస్తుంటే పెద్దబాపు మాత్రం దాని పట్టాల వెడల్పు ఎంతుంటుందని అడిగాడు.

"గది సుత బయటి దేశాల కొలతనే బాపు," అన్నాడు అన్న. "మనోళ్ళ పెద్ద రైలు కొలత కాదు. అంత పెద్ద మెట్రోనే మారింది, నీ నాడె మారొద్దా?"

"అయితే గది సుత మనది కాదన్నట్టు," అని పెద్దబాపు మెట్లు దిగిపోయాడు.

మరుసటి ఏడాదే షెడ్డు ఓనరు దసరా కాగానే ఖాళీ చెయ్యమన్నాడు, హాస్టలు కట్టుకుంటాడట. చేతిలో పని ఉంటే ఉండండి, లేకుంటే నాకూ పిల్లలున్నారు అని మర్యాదగానే చెప్పాడు. చేతిలో పని లేదు. సరిగ్గా అప్పుడే ఒక ఎగ్జిబిషన్లో మా ఇంజను చూసిన ఒక మేడం ఫోన్ చేసింది. ఆమెకు నాలుగు ఊళ్ళలో బొమ్మల షాపులున్నాయి, పంజాగుట్టలో ఆఫీసు. ముందు మూడు వందల ఇంజన్లు కావాలి, నచ్చితే ఇంకా తీసుకుంటాను, కానీ మా షాపుల్లో అమ్మే పట్టాల మీద నడవాలి, ఒకటి చేసి తెచ్చి చూపించండి అంది. మూడు వందలంటే మాకు రెండేళ్ళ పని. షెడ్డు ఉంటుంది, లేత్ ఉంటుంది, పెద్దబాపు పెద్దబాపులా ఉంటాడు. అన్న ఆ మాటలన్నీ రెండుసార్లు విడమరిచి చెప్పాడు. పెద్దబాపు విన్నాడు, తల ఊపాడు, పదిహేను రోజులు కూర్చుని తన జన్మలో చెయ్యనంత మంచి ఇంజను చేశాడు. నాడె వెడల్పు.

పట్టాలు కూడా మనమే ఇస్తామని ఆమెకు చెబుతానన్నాడు. అన్న చేతిలోని స్క్రూడ్రైవర్ కింద పెట్టి, నువ్వే పో బాపు, నేను రాను అన్నాడు. అంతే, ఆ రోజు నుంచి కొలత గురించి వాడు నోరెత్తలేదు.

ఇప్పుడు చెప్పబోయేది నేనెవరికీ చెప్పలేదు. పోయేముందు రోజు మధ్యాహ్నం, పెద్దబాపు తిని చాప మీద ఒరిగాక, పాత ఇంజను ఒకటి తీసుకుని దాని చక్రాలను, ఇనుప దవడల మధ్య బిగించి పట్టే వైస్‌లో పెట్టి, పిడి కొంచెం కొంచెం తిప్పుతూ లోపలికి నొక్కాను. ఇరుసు మీద చక్రం బిర్రుగా ఉంటుంది, కదిలేటప్పుడు టిక్కుమని చప్పుడవుతుంది. నాలుగు చక్రాలు, నాలుగు టిక్కులు. పెద్దబాపు లేస్తాడేమోనని చూస్తూనే ఉన్నాను, లేవలేదు. టీ మరకల పట్టా ముక్క తుడిచి దాని మీద పెడితే ఇంజను పీట మీద పెళ్ళికూతురిలా కూర్చుంది. పాత గీతలు చెరిపి మళ్ళీ గీశాను. కోర్సుల కాగితంలో చుట్టి, చీరల షాపు బట్టసంచిలో అడుగున పెట్టాను. దాని మీద మా పట్టాల ముక్కలు, వాటి మీద పెద్దబాపు ఇంజను.

మేడం మంచిదే. టీ తెప్పించింది, ఇంజను చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసింది, ఈ గీతలు ఎవరు గీశారని అడిగితే పెద్దబాపు నన్ను చూపించాడు. టేబుల్ మీద గుండ్రటి పట్టాలు పరిచే ఉన్నాయి. పెద్దబాపు ఇంజను కళ్ళకద్దుకుని వాటి మీద పెట్టాడు. అది ఒరిగింది. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ ఒరిగింది.

"ఏంటండీ, కూర్చోవట్లేదేంటి?" అంది మేడం.

"మీ పట్టాలే చిన్నగున్నయ్ మేడం."

ఆమె నవ్వలేదు. ప్రపంచమంతా ఇదే వాడతారని, ఫోన్లో చెప్పానే అని నెమ్మదిగా అంది. మా పట్టాలు చూడండి, వాటి మీద చూస్తే మీకే తెలుస్తుంది అని పెద్దబాపు నా వైపు తిరిగాడు.

"సంచిల పట్టాలు పెట్టినవ్ గద బిడ్డా?"

సంచి నా ఒళ్ళోనే ఉంది. పట్టాలు తీయాలంటే సంచి విప్పాలి, విప్పితే అడుగున ఉన్నది ఆయనకు కనబడుతుంది. లేదా నేనే అది తీసి టేబుల్ మీద పెట్టొచ్చు, అది కూర్చుంటుంది, తిరుగుతుంది, మూడు వందలూ మాకే వస్తాయి. ఇన్నీ తెలుసు నాకు. కానీ ఇన్నేళ్ళూ నమ్ముకున్న వెడల్పు తప్పని, పరాయి మనిషి ముందు, ఆయన పని నేర్పిన పిల్లే చూపించినట్టవుతుంది.

"లేదు పెద్దబాపు, మర్చిపోయిన," అన్నాను.

ఆయన తిట్టలేదు. కిందికి దిగాక చెరుకురసం తాగించాడు. బండివాడి గజ్జెలు గలగలమంటున్నాయి, రసంలో ఐసు ఎక్కువైంది, పళ్ళు జివ్వుమన్నాయి, అదొక్కటే గుర్తుంది. ఏడుపు రాలేదు, భయం కూడా వేయలేదు. ఒక దగ్గర ఆగిపోయిన గీత మాదిరి ఏదో నిలిచిపోయింది, అక్కడి నుంచి మళ్ళీ కదలలేదు. పట్టాలు పెట్టుకొని పోయినుంటే ఆర్డర్ వచ్చేదేనే అని ఇంటికెళ్ళి పెద్దమ్మతో అన్నాడట. పిల్లను ఏమనకు, మర్చిపోయింది పాపం అన్నాడట.

దసరాకు లేత్‌కు బొట్టు పెట్టారు, ఆ తర్వాతి వారమే కొన్నవాళ్ళు వచ్చి దాన్ని ఎత్తుకుపోయారు. అన్న బిల్డింగుల మోడల్స్ చేసే చోట చేరాడు, కట్టని అపార్ట్‌మెంట్లకు అట్టముక్కలతో బాల్కనీలు అతికిస్తాడు, బాగానే ఉన్నాడు. పెద్దబాపు, పెద్దమ్మ యూసుఫ్‌గూడలో మేడ మీద ఒక గది తీసుకున్నారు. ఆయన మిక్సీలు, ఫ్యాన్లు బాగు చేస్తాడు. పండుగలకు పోతాను, తింటాను, వస్తాను. రైళ్ళ మాట ఆయన ఎత్తడు, నేనూ ఎత్తను. నేను ఈ షాపులో చేరి, మెరిసే డబ్బాల్లోంచి బయటి దేశం రైళ్ళు తీసి, నడిపించి చూపించి అమ్ముతున్నాను. మా మేనేజరుకు నేనంటే గురి, రైళ్ళు అమ్మాలంటే నన్నే పిలుస్తాడు. ఇప్పుడు ఏ ఇంజనైనా ఏ పట్టాల మీదైనా నడుస్తుంది. మంచిదే కదా, కొనేవాళ్ళకు సుఖం. కాకపోతే ఎవరూ ఎవరి దగ్గరికీ మళ్ళీ రావలసిన పని లేదు. మన చిన్నప్పుడు ఒక దగ్గర ఒక వస్తువు కొంటే అది అరిగిపోయేదాకా ఆ మనిషితో చుట్టరికం ఉండేది, మిక్సీ బిగుసుకుపోయినా, జాకెట్టు వదులైనా అక్కడికే పోయేవాళ్ళం, వాళ్ళింట్లో పెళ్ళికి మనకు కార్డు వచ్చేది. రైల్వే తాత ఆ పట్టాలు పారేసుకుని మా షెడ్డు వెతుక్కుంటూ ఆ సందుకు పోయాడట, నాతో చెప్పాడు. అక్కడ హాస్టలు వాచ్‌మన్, ఇక్కడ రైళ్ళెక్కడివి సార్, మెట్రో ఆ పక్క అని చూపించాడట.

ఆ సాయంత్రం ఇంటికి పోయి ఇనుప పెట్టెలో బట్టల అడుగున ఉన్న బట్టసంచి తీశాను. కాగితం పసుపెక్కింది గానీ ఇంజను అట్లాగే ఉంది.

తెల్లవారి డ్యూటీకి ముందే యూసుఫ్‌గూడకు పోయాను. వైస్ ఇంకెవరి దగ్గరా లేదు మరి. పెద్దమ్మ గడపలో కొత్తిమీర ఏరుతోంది, ఇంత పొద్దున్నే ఏమైందే అని లేవబోయింది. ఏం కాలేదని చెప్పి లోపలికి పోయి రెండు ఇంజన్లూ మంచం మీద పెట్టాను. పెద్దబాపు కళ్ళద్దాలు పెట్టుకుని ముందు తాతది చూశాడు, పొట్ట తిప్పి చుక్క చూశాడు, పక్కన పెట్టాడు. తర్వాత నాది తీసుకున్నాడు. కొలవలేదు. బొటనవేలి గోరు చక్రాల మధ్య ఒకసారి నడిపించాడు, అంతే.

"ఎన్నడు చేసినవ్?"

పంజాగుట్ట ఆఫీసుకు పోయే ముందటి రోజు అని చెప్పాను. ఆ రోజు సంచిలో ఉందా అని అడిగాడు. ఉందన్నాను. పట్టాలు కూడా ఉన్నాయన్నాను. గడపలో పెద్దమ్మ చెయ్యి ఆగిపోవడం వెనక నుంచే తెలిసింది. ఆయన ఆ ఇంజనును అరచేతిలో పెట్టుకుని బరువు చూశాడు. గోడ మీద క్యాలెండర్ పక్కన నాడె వేలాడుతోంది.

"అక్కడ తీసినవనుకో, నిన్ను కొడ్తుంటి," అన్నాడు. ఇంజనును తాతదాని పక్కన పెట్టి, "కొట్టినా గాని ఆర్డర్ వస్తుండె," అన్నాడు.

రైల్వే తాత సంగతి చెప్పాను, సంతకం పెట్టిన సంగతి కూడా చెప్పాను. ఆయన వంగి, మంచం కిందినుంచి చెక్కకు బిగించిన వైస్‌ను బయటికి లాగి, పాత గుడ్డతో దాని దవడలు తుడిచి, నా ముందుకు తోశాడు.

"నా చేతులతోని నొక్కను. నువ్వే నొక్కు," అని గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

కింద కూర్చుని ఇంజను పొట్ట విప్పాను. మొదటి చక్రం టిక్కుమంది. రెండోది కూడా. ఆయన వీపు కదల్లేదు. మూడోది బిర్రుగా ఉంది, పిడి మీద బరువంతా వేస్తే గానీ రాలేదు. వచ్చాక చెమట తుడుచుకుందామని ఆగాను.

"ఇంకోటున్నది," అన్నాడు పెద్దబాపు, అటే తిరిగి.

నాలుగోది కూడా నొక్కాను.